కుక్కపిల్ల వచ్చిన ఇంట్లో చిన్నపిల్లలు

వేసవి సెలవులు మొదలైన వారంలోనూ, క్రిస్మస్ సెలవుల ముందూ మా ఓ.పి.లో ఒక ప్రశ్న తప్పకుండా వినబడుతుంది. జ్వరానికో దగ్గుకో బిడ్డను తీసుకొచ్చిన తల్లి, మందులచీటీ చేతపట్టుకుని లేవబోతూ, గుమ్మం దగ్గర ఆగి అడుగుతుంది. "డాక్టరమ్మా, పెద్దవాడు కుక్కపిల్ల కావాలని ఒకటే పోరు పెడుతున్నాడు. తెచ్చుకోవచ్చా? చిన్నదానికి ఇంకా రెండేళ్ళే." బయట బెంచీలమీద నలభైమంది కూర్చుని ఉండగా గుమ్మంలో నిలబడి చెప్పగలిగిన జవాబు కాదది. అందుకే ఈసారి ఆరోగ్య పాఠం దీనిమీద రాస్తున్నాము.

తెచ్చుకోవచ్చు. మా సిబ్బంది ఇళ్ళలోనూ కుక్కలున్నాయి, వాటితో పెరిగిన పిల్లలూ ఉన్నారు. అయితే ముందుగా ఒక బాబు సంగతి చెప్పాలి. ఆ ఇంటివారు రాయమన్నారు, పేరూ ఊరూ మాత్రం వద్దన్నారు.

ఆ బాబుకు ఏడేళ్ళు. మేనమామ రెండున్నర నెలల కుక్కపిల్లను అట్టపెట్టెలో పెట్టి తెచ్చి ఇచ్చాడు. వీధిలో తిరిగే కుక్క పెట్టిన పిల్లల్లో ఒకటి. టీకాలు వేయించలేదు. ఇంకా పాలుమరవని పిల్లకు రోగాలేముంటాయి అనుకున్నారు. తండ్రికి కుక్కలంటే మొదటినుంచీ పడదు. వచ్చిన రోజే గట్టిగా చెప్పాడు: "ఒరేయ్, ఇది ఎవరినైనా ఒక్కసారి కరిచిందా, మర్నాడే రైలుగేటు అవతల వదిలేసి వస్తాను." తొమ్మిదో రోజు ఆటలో అది బాబు చూపుడువేలు పట్టుకుని లాగింది. రెండు చుక్కలు నెత్తురు వచ్చింది. వాడు పంపుకింద వేలు తడుపుకుని, చొక్కా అంచుతో తుడుచుకుని, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాడు. నాలుగు రోజుల తరువాత కుక్కపిల్ల తిండి మానేసి మూలకు చేరింది. ఆరోరోజు తెల్లవారేసరికి చచ్చిపోయింది. పెరట్లో గొయ్యి తీసి పూడ్చేశారు. ఆ సాయంత్రం తలంటి పోస్తుంటే వేలిమీది గాటు తల్లి కంటబడింది. అడిగితే గోడ గీరుకుందన్నాడు. మళ్ళీ అడిగితే ఏడ్చాడు. తడితలతోనే ఎత్తుకుని మా దగ్గరకు తీసుకొచ్చింది.

ఆ పిల్ల దేనివల్ల చచ్చిపోయిందో తేల్చుకోవడానికి మాకు దారి లేకపోయింది. పార్వో కావచ్చు, కడుపులో పురుగులు కావచ్చు, రేబిస్ కావచ్చు. రేబిస్ విషయంలో "కావచ్చు" అన్నమాట ఒక్కటి చాలు, వైద్యం మొదలుపెట్టాలి. లక్షణాలు బయటపడిన తరువాత ఆ జబ్బును నయంచేసే మందు లేదు. బయటపడకముందు గాయాన్ని కడిగి, టీకా, అవసరమైనవారికి ఇమ్యునోగ్లోబులిన్ సకాలంలో ఇస్తే దాదాపు అందరూ బతుకుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 59 వేలమంది రేబిస్‌తో చనిపోతున్నారు. వారిలో పదిమందికి నలుగురు 15 ఏళ్ళలోపు పిల్లలు.

ఈ బాబు విషయంలో ఆలస్యం డబ్బులేక జరగలేదు, ఆసుపత్రి దూరమై జరగలేదు. ఇంట్లో ఒక పెద్దమనిషి విసుగులో అన్న మాటవల్ల జరిగింది. అందుకని ఈ పాఠంలో కుక్కపిల్లకు నేర్పే సంగతులతోపాటు ఇంట్లోవాళ్ళకు నేర్పవలసినవి కూడా రాస్తున్నాము. నిజానికి అవే ఎక్కువ.

తెచ్చుకునే ముందు

కుక్కపిల్లను ఎనిమిది వారాలు నిండకుండా తల్లినుంచి విడదీయకండి. తోడపుట్టిన పిల్లలతో పొర్లాడుతూ, గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట మానేయడం చూసి, ఎంత మెత్తగా కొరకాలో అది నేర్చుకుంటుంది. నెలరోజులకే తెచ్చేసిన పిల్ల ఈ చదువు సగంలో మానేసి వచ్చిన పిల్ల.

పని ఎవరు చేస్తారో ముందే మాట్లాడుకోండి. "నేనే చూసుకుంటా నాన్నా, నేనే కడుగుతా" అని పిల్లలు ప్రమాణాలు చేస్తారు. వాళ్ళు అబద్ధం చెప్పడంలేదు, ఆ క్షణాన అలాగే అనుకుంటారు. మూడోవారానికి ఆ పని తల్లిమీదో నాయనమ్మమీదో పడుతుంది. చంకలో చంటిబిడ్డ, ఇంట్లో మంచంపట్టిన పెద్దవారు ఉన్న ఇంటికి మేము ఇంకో ఏడాది ఆగమనే చెబుతాము. ఉబ్బసం ఉన్న పిల్లలుంటే ముందుగా కుక్క ఉన్న బంధువుల ఇంటికి రెండుమూడుసార్లు తీసుకువెళ్ళి, ఆయాసం, తుమ్ములు వస్తున్నాయేమో చూడండి.

జాతికుక్కే కావాలని పట్టుబట్టనవసరం లేదు. మంచుదేశాలలో బండ్లు లాగే బొచ్చుకుక్కను కొనితెచ్చి రెంటచింతల ఎండలో ఉంచితే అది ఫ్యాను కిందనుంచి కదలదు, దాని బాధ చూడలేక మీరూ కదలరు. మన ఊరి కుక్కపిల్లే మన ఎండకు, మన తిండికి అలవాటు పడినది.

ఇంటికి తెచ్చిన రోజే, వీలుకాకపోతే మర్నాడు, పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ వంటి జబ్బులకు మొదటి టీకా వేసి, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున నాలుగు నెలలు నిండేవరకు మళ్ళీ వేస్తారు. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా. తరువాతి మోతాదులు ఎప్పుడన్నది పశువైద్యులు కార్డుమీద రాసి ఇస్తారు. రేబిస్ టీకా వేసేదాకా దానికి ఆ జబ్బు రాదని అర్థం కాదు. మూడు నెలలలోపు పిల్లకూ రేబిస్ రావచ్చు. పాలుమరవని పిల్ల అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

రెండోది నట్టల మందు. కుక్కపిల్లల్లో చాలావాటికి పుట్టుకతోనే ఏలికపాము జాతి పురుగులు ఉంటాయి. తల్లికడుపులోనే, ఆ తరువాత పాలద్వారానూ అవి పిల్లకు చేరతాయి. కనుక రెండు వారాల వయసునుంచే మందు మొదలుపెట్టి, మూడు నెలలవరకు రెండువారాలకొకసారి, ఆరు నెలలవరకు నెలకొకసారి వేయించమని పశువైద్యులు చెబుతారు. ఇది మన పిల్లల కోసం కూడా. ఆ పురుగుగుడ్లు కుక్క మలంతో మట్టిలో చేరి, రెండుమూడు వారాల్లో సోకే స్థితికి వచ్చి, నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి అక్కడే ఉంటాయి. మట్టిలో ఆడి చేయి నోట్లో పెట్టుకునే పసివాడి కడుపులోకి పోతే లోపల పిల్లపురుగులుగా మారి కాలేయంలోకి, ఊపిరితిత్తుల్లోకి, అరుదుగా కంట్లోకి చేరతాయి. కంట్లో చేరితే చూపు దెబ్బతినవచ్చు. కొంకిపురుగు సంగతి వేరు. అది తడిమట్టిలో నడిచే ఉత్తకాళ్ళ చర్మంలోంచే లోపలికి పోయి, ఎర్రని వంకరగీతలా పాకే దురద పుట్టిస్తుంది. మలాన్ని ఏ రోజుకారోజు తీసి పూడ్చేయడం, పిల్లలకు చెప్పులు, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడిగించడం, ఈ మూడూ జరిగే ఇంట్లో భయపడవలసింది చాలా తక్కువ.

కుక్కపిల్లకు నేర్పడం

కుక్కతోక వంకర అని సామెత ఉంది కదా, దానికేం చదువు వస్తుంది అంటారు. తోక సంగతి మాకు తెలియదుగాని, కుక్కపిల్ల మాత్రం త్వరగా నేర్చుకుంటుంది. ముఖ్యంగా మూడో వారంనుంచి మూడు నెలలు నిండేవరకు అది చూసిన మనుషులు, విన్న శబ్దాలు జన్మంతా దానికి మామూలైపోతాయి. ఆ రోజుల్లోనే కుక్కరు కూత, మోటారుసైకిలు, కర్రపట్టుకు నడిచే తాతయ్య, ఏడ్చే పసిబిడ్డ అన్నీ దూరంనుంచి మెల్లగా పరిచయం చేయాలి. భయపడితే కొంచెం వెనక్కి తీసుకురండి, ఈడ్చుకుపోకండి. టీకాలు పూర్తయ్యేదాకా ఊరకుక్కలు తిరిగే చోట నేలమీద దింపవద్దు. ఎత్తుకుని తిప్పండి.

దొడ్డికి, ఒంటికి వెళ్ళే అలవాటు గురించే ఎక్కువమంది అడుగుతారు. రెండు నెలల పిల్ల పగటిపూట రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు. నిద్ర లేవగానే, తిన్న పది పదిహేను నిమిషాలకు, ఆట ముగియగానే, రాత్రి పడుకోబోయే ముందు, అర్ధరాత్రి ఒకసారి దానిని పెరట్లో ఒకే చోటికి తీసుకువెళ్ళండి. పని కాగానే అక్కడికక్కడే మెచ్చుకుని ఒక చిన్న ఉడికిన గుడ్డుముక్క పెట్టండి. ఇంట్లోకి వచ్చాక పెడితే అది ఇంట్లోకి వచ్చినందుకు పెట్టినట్టు అనుకుంటుంది. వసారాలో తడిపేస్తే ముక్కు పట్టి అందులో రాయడం, చీపురుకట్టతో కొట్టడం మన ఇళ్ళలో మామూలు. దానివల్ల అది నేర్చుకునేది ఒక్కటే, మీరు చూస్తుండగా పోయకూడదని. తరువాత మంచంకింద పోస్తుంది. సబ్బునీళ్ళతో వాసన పోయేలా కడిగి ఊరుకోండి. ఫినాయిలు వేసి తుడిచిన గచ్చు ఆరేవరకు దానిని వదలవద్దు, పాదాలు నాక్కుని కడుపులోకి తీసుకుంటుంది.

ఏ మాట నేర్పినా ఇంట్లో అందరూ అదే మాట వాడాలి. మన ఇళ్ళలో ఒక వింత ఉంది. ఇంటిల్లిపాదీ తెలుగు మాట్లాడుకుంటూ కుక్కతో మాత్రం ఇంగ్లీషు మాట్లాడతారు. నాన్న "సిట్" అంటాడు, నాయనమ్మ "కూచోవే" అంటుంది, చిన్నది "బజ్జో" అంటుంది. ఆ పిల్ల ముగ్గురి ముఖాలూ చూస్తుంది. ఏ భాషైనా ఫరవాలేదు, ఒక్కటి ఎంచుకోండి. రోజుకు మూడుసార్లు, మూడేసి నిమిషాలు చాలు. గుడ్డుముక్క ముక్కు దగ్గరనుంచి తలమీదకు మెల్లగా జరిపితే దానంతటదే కూర్చుంటుంది. కూర్చున్న మరుక్షణం మాట చెప్పి, ముక్క పెట్టండి. ఆ తరువాత అన్నంగిన్నె దింపే ముందు, తలుపు తీసే ముందు, బడినుంచి వచ్చిన పిల్లలు పలకరించే ముందు కూర్చోమనండి. మీదికి ఎగిరే అలవాటు అక్కడే ఆగిపోతుంది.

ఇక కొరకడం. పాలపళ్ళు సూదుల్లా ఉంటాయి. నాలుగు నెలలనుంచి ఆరేడు నెలలవరకు అవి ఊడి కొత్తవి వస్తాయి, అప్పుడు చిగుళ్ళ దురదకు చెప్పులు, కుర్చీకాళ్ళు ఏదైనా కొరుకుతుంది. మా నర్సుల హాస్టలులో పెరిగిన ఒక పిల్ల ఎప్పుడూ ఎడమకాలి చెప్పులే కొరికేది. కారణం ఇప్పటికీ తెలియదు. చేతిని కొరకబోతే చేయి విదిలించకండి, అరవకండి, అది ఆటనుకుంటుంది. ఆట ఆపేసి, లేచి, అరనిమిషం అటు తిరిగి నిలబడండి. తరువాత తడిపి ముడివేసిన పాతగుడ్డ ఇవ్వండి. ఇంట్లో మగపిల్లలు వేళ్ళు ఆడించి, గురగురమనిపించి, చేతులు కొరికించుకుంటూ సరదాపడతారు. ఆ ఆట పూర్తిగా మాన్పించండి. రెండు కిలోల పిల్లతో ఆడిన ఆటే అది పదిహేను కిలోలయ్యాకా ఆడుతుంది.

తిండి విషయం క్లుప్తంగా. నాలుగు నెలలవరకు రోజుకు మూడు నాలుగుసార్లు కొద్దికొద్దిగా. ఆవుపాలు చాలాపిల్లలకు విరేచనాలు పట్టిస్తాయి. నీరుల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ దానికి విషం. కనుక మిగిలిన పులుసన్నం, పిల్లల చేతిలోని చాక్లెట్ పెట్టకూడదు. ఉడికించిన కోడి ఎముకలు చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. జ్వరమొచ్చిందని మన పారాసిటమాల్ మాత్ర వేయకండి.

పిల్లలకు నేర్పడం

ఐదారేళ్ళలోపు పిల్లలను కుక్కతో ఒంటరిగా వదలకూడదు. ఒక్క నిమిషం కూడా. అది ఎంత సాధువైనా సరే. పాకే బిడ్డ దాని తోక పట్టుకుని లేచి నిలబడాలని చూస్తాడు, కంట్లో వేలు పెడతాడు. అది చెప్పగలిగిన భాష ముందు గుర్రుమనడం, తరువాత పళ్ళు. చిన్నపిల్లల ముఖం కుక్కనోటికి సరిగ్గా అందే ఎత్తులో ఉంటుంది కనుక వారికి కాట్లు ముఖం, తల, మెడమీద పడతాయి. అలా కరిచేది ఎక్కడినుంచో వచ్చిన కుక్క అనుకుంటారు. ఎక్కువసార్లు అది ఇంటిదో పక్కింటిదో, పిల్లకు బాగా తెలిసిన కుక్కే.

మాటలు అర్థమయ్యే వయసు వచ్చిన పిల్లలకు నాలుగు సంగతులు ఆటలా నేర్పవచ్చు. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు దాని దగ్గరకు వెళ్ళకూడదు. దాని చోటు, అంటే గోనెపట్టా పరిచిన ఆ మూల, దానిదే. అక్కడికి చేరిందంటే ఆట చాలునని అర్థం. కావలించుకుని ముఖంమీద ముద్దుపెట్టకూడదు, మనకది ప్రేమ, దానికది పట్టివేత. ఇవన్నీ ఒక ఎత్తు, నాలుగోది ఒక ఎత్తు: అది మీదికి వస్తే పరుగెత్తకుండా చెట్టులా నిలబడిపోవాలి. చేతులు కట్టుకుని, చూపు నేలకు దించి, కదలకుండా. పరుగెత్తితే అది తరుముతుంది, నిలబడితే కాసేపు వాసన చూసి పోతుంది. మా వార్డులో పిల్లలచేత ఈ చెట్టాట ఆడిస్తే అందరికంటే చిన్నవాడే అందరికంటే బాగా నిలబడ్డాడు. వీధికుక్కల విషయంలోనూ ఇదే పనికొస్తుంది.

కుక్క గుర్రుమంటే దానిని కొట్టి నోరు మూయించకండి. గుర్రుమనడం హెచ్చరిక. దానిని కొట్టి మాన్పిస్తే హెచ్చరిక లేకుండా కరవడం నేర్చుకుంటుంది. ముందు పిల్లను తీసేయండి, తరువాత ఎందుకు గుర్రుమందో చూడండి. రోజంతా గొలుసుతో కట్టేసిన కుక్కలకు కోపం ఎక్కువ. పిల్లలు దాని అందుబాటులోకి వెళితే అది తప్పుకునే చోటులేక కరుస్తుంది.

ఇప్పుడు ఆ తండ్రి మాట దగ్గరకు వస్తాము. "కరిస్తే వదిలేస్తాను", "చెప్పినమాట వినలేదుగా, బాగా అయింది", "సూది పొడిపిస్తా చూడు" ఇలాంటివి మనమందరం అంటాము. పిల్లవాడు లెక్క వేసుకుంటాడు. చెబితే కుక్కపిల్ల పోతుంది, తిట్లు పడతాయి, సూదులు పడతాయి. చెప్పకపోతే ఏమీ కాదు. ఆ లెక్కను మీరే ముందుగా మార్చాలి. తెచ్చిన రోజునే పిల్లలందరినీ కూర్చోబెట్టి చెప్పండి: "గోరు గీసినా, పన్ను తగిలినా, పుండుమీద నాకినా వెంటనే వచ్చి చెప్పాలి. చెబితే ఎవ్వరం తిట్టము. కుక్కపిల్లను ఎక్కడికీ పంపించము." చెప్పిన తరువాత ఆ మాట నిలబెట్టుకోవాలి. తలంటు పోసే రోజున చేతులు, కాళ్ళు, చెవులవెనుక ఒకసారి చూడటం అలవాటు చేసుకోండి. గోమార్లున్నాయేమో కూడా అప్పుడే తెలుస్తుంది.

కరిస్తే, గీరితే

వెంటనే పంపుకింద ధారగా పారే నీళ్ళతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి, పదిహేను నిమిషాలు మనం అనుకునేదానికంటే ఎక్కువసేపు. కారం, పసుపు, సున్నం, ఆకుపసరు పెట్టవద్దు. గట్టిగా కట్టు కట్టవద్దు. "కుక్కకాటుకు చెప్పుదెబ్బ" సామెతగా బాగుంటుంది, వైద్యంగా కాదు. కడిగిన వెంటనే ఆసుపత్రికి రండి. రాత్రయినా, ఆదివారమైనా.

బొడ్డుచుట్టూ పద్నాలుగు సూదులన్న భయంతో ఇప్పటికీ కొందరు తాతమ్మలు పిల్లలను దాచిపెడుతున్నారు. ఆ పాతటీకా మన దేశంలో 2005 నాటికే నిలిచిపోయింది. ఇప్పటి టీకా భుజానికి వేస్తారు. చర్మపుపొరలో వేసే పద్ధతిలో మొదటి రోజును సున్నాగా లెక్కపెట్టి 0, 3, 7, 28 రోజులకు, కండలో వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజులకు. నెత్తురు వచ్చిన గాయమైతే, ముఖంమీదో తలమీదో కాటైతే, గాయంలోకి, దాని చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వాలి. మొదటి టీకా రోజునే ఇవ్వడం మంచిది, ఏడోరోజు దాటితే ఇవ్వరు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో, ప్రభుత్వ ఆసుపత్రులలో టీకా ఉచితం. కరిచిన కుక్కను చంపకండి, తరిమేయకండి. కట్టేసి పదిరోజులు గమనించండి. టీకా మాత్రం ఆ పదిరోజులు ఆగకుండా మొదలుపెట్టాలి. కుక్క ఆరోగ్యంగా ఉంటే మిగతా మోతాదుల సంగతి వైద్యులు చెబుతారు. చచ్చిపోయినా, కనబడకుండా పోయినా కోర్సు పూర్తిచేయవలసిందే.

ఆ బాబుకు వచ్చిన రోజే గాయం కడిగి, ఇమ్యునోగ్లోబులిన్, మొదటి టీకా ఇచ్చాము. తండ్రి రెండో మోతాదుకు తానే తీసుకొచ్చాడు. మాతో ఏమీ మాట్లాడలేదు. సూది వేస్తున్నంతసేపు కొడుకు తల తన పొట్టకు ఆనించి పట్టుకుని నిలబడ్డాడు. 28వ రోజున ఆఖరి మోతాదు అయ్యాక బాబు సిస్టరమ్మను అడిగాడు: "ఇప్పుడు ఇంకో పిల్లను తెచ్చుకోవచ్చా?" సిస్టరమ్మ తండ్రివైపు చూసింది. "పశువుల ఆసుపత్రి ఎన్ని గంటలకు తీస్తారండీ?" అని ఆయన అడిగాడు.

ఆరు నెలల తరువాత బాబుకు దగ్గు వస్తే తల్లి తీసుకొచ్చింది. ఓ.పి. చీటీ కోసం ప్లాస్టిక్ కవరు తీసి బల్లమీద గుమ్మరిస్తే వాడి టీకాకార్డుతోపాటు ఇంకో కార్డు కూడా పడింది. దానిమీద పేరు చోట "సీజర్", యజమాని చోట వంకర అక్షరాలతో ఆ బాబు పేరు. రేబిస్ టీకా గడిలో తేదీ, ముద్ర ఉన్నాయి. తరువాతి నట్టల మందు తేదీ కింద ఎర్రపెన్సిలుతో రెండుసార్లు గీత గీసి ఉంది.